ఆకు తాగిన పొగ

రేపల్లె దోమల గురించి నేను పుట్టించిన కథలు తెనాలి బస్టాండులో ఇంకా తిరుగుతున్నాయని ఈమధ్య ఎవరో చెప్పారు. చీకటి పడే వేళకు బస్సు ఊళ్లోకి వస్తే, నాలుగు దోమలు నాలుగు చక్రాలూ పట్టుకుని బస్సును పంట కాలవ దాకా మోసుకుపోయేవని, డ్రైవరు దిగి దండం పెడితే గానీ వదిలేవి కావని ప్రయాణికులకు చెప్పేవాణ్ణి. ఎనభైలలో తెనాలి–రేపల్లె దారిలో కొన్నేళ్లు, తర్వాత రేపల్లె–బాపట్ల దారిలో చాలా ఏళ్లు కండక్టరుగా తిరిగాను. పొద్దస్తమానం నిలబడి టిక్కెట్లు చింపేవాడికి నోరు తప్ప వేరే కాలక్షేపం ఉండదు. అందువల్ల ఇంట్లో నా మాటకు విలువ బొత్తిగా లేదు. బయట వాన పడుతోందని నేనంటే మా అక్క కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేది.

ఆ అక్కకు ఒక బిడ్డ కావాలి. ఒక్క బిడ్డ చాలు. ఆడైనా మగైనా, నల్లగా ఉన్నా, నాలాగా అబద్ధాలకోరైనా సరే, ప్రాణంతో ఒళ్లోకి వస్తే చాలనేది. తెనాలిలో ఆమె కాపురం చేసిన రోజుల్లో రెండుసార్లు నెలలు నిండకుండానే కడుపు పోయింది. మా లూథరన్ చర్చిలో పాస్టరుగారు ప్రార్థనలు చేశారు. మా అమ్మ ఉపవాసాలుంది. అక్క మాత్రం ఒక రోజు పెరట్లో నిలబడి బావ కుంపటి వైపు చూసి, "నా కడుపుకు కిట్టనిది అదే" అంది.

బావది పూత పని. ఇత్తడికి, రాగికి బంగారం పట్టించే పని. బంగారాన్ని పలచని రేకుగా కొట్టి, ముక్కలు చేసి పాదరసంలో వేస్తే, పాలల్లో పటికబెల్లంలాగా కరిగి ముద్దవుతుంది. ఆ ముద్దను వస్తువుకు పూసి కుంపటి సెగకు పట్టుకుంటే పాదరసం గాల్లోకి లేచిపోతుంది, బంగారం అంటుకుని ఉండిపోతుంది. పూసినప్పుడు బూడిదరంగులో చచ్చిన చేప కన్నులా ఉండే గిన్నె, చూస్తుండగానే పచ్చగా లేస్తుంది. అది చూసేటప్పుడు నేను కూడా నోరు మూసుకునేవాణ్ణి. గుళ్లో దేవుడి కిరీటానికీ, మా చర్చిలో ద్రాక్షరసం పోసే సంస్కారపు గిన్నెకూ ఆయన అదే ముద్ద పూశాడు. తెనాలిలో ఒక గిల్టు దుకాణం వాళ్లు పని పంపేవాళ్లు.

ఆ పని నేర్పిన ముసలి మేస్త్రి బావకు ఒక నియమం పెట్టాడు. పాదరసం పని నాలుగు గోడల మధ్య చెయ్యకూడదు. ఆకు దట్టంగా ఉన్న చెట్టు కింద చెయ్యాలి. ఆకు పొగ తాగేస్తుంది, మనిషికి అంటదు. పూత పనివాళ్లందరూ ఈ మాట నమ్మేవాళ్లు. అందుకే మా బావ తెనాలిలో ఇల్లు అద్దెకు తీసుకునే ముందు వంటగది చూడలేదు, పెరట్లో వేపచెట్టు చూశాడు. దాని కిందే కుంపటి పెట్టాడు. రాలిన ఆకులను అక్క రోజూ ఊడ్చి, వేణ్ణీళ్ల పొయ్యిలో వేసి కాల్చేది. ఆకు తాగింది తాగినట్టే ఉండిపోతుందా, కాలిస్తే ఏమవుతుంది అన్నది మేస్త్రి చెప్పలేదు, వీళ్లు అడగలేదు.

అప్పటికే బావ చేతులు సన్నగా వణికేవి. చిగుళ్ల నుంచి రక్తం వచ్చేది. మంచి మనిషే, కానీ చిన్న మాటకు పళ్లెం విసిరేవాడు. పూత పనివాళ్లకు వణుకు మామూలేనని దుకాణం వాళ్లు అనేవాళ్లు. బావ టీ ఎక్కువై అనుకునేవాడు.

రెండో కడుపు పోయాక అక్క పట్టుబట్టింది. ఆ గొడవ జరిగినప్పుడు నేను అక్కడే ఇడ్లీలు తింటున్నాను.

"ఏమండీ, ఆ కుంపటైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"కుంపటి లేకపోతే నువ్వేం తింటావే?"

"గడ్డి తింటాను. మీరు దాన్ని నా కంటికి కనపడనంత దూరం తీసుకెళ్లండి."

బావ నా వైపు తిరిగాడు. "ఏరా బావమరిదీ, బస్సెక్కి ఊళ్లన్నీ తిరుగుతావు కదా. మనుషులు లేకుండా చెట్లే ఉన్న చోటు ఎక్కడన్నా చూశావా?"

"రేపల్లె కింద మడ అడవి ఉందిగా బావా. అక్కడ ఆకులు ఎంత దట్టమంటే, లోపల కాకి గుడ్డు పెడితే ఏది పగలో తెలియక పిల్ల బయటికి రాదు."

అక్క కూడా నవ్వింది. ఆ సంవత్సరమే వాళ్లు తెనాలి వదిలి, రేపల్లె దాటి సముద్రం వైపున్న ఒక ఊరికి మారారు. ఇల్లు ఊళ్లో. కుంపటి మాత్రం సైకిలు మీద చాలాసేపు తొక్కితే వచ్చే మడ అడవి అంచున, ఏటి పాయ పక్కన.

మడ అడవి చూడనివాళ్లకు దాన్ని అబద్ధం కలపకుండా వర్ణించడం నాకే కష్టం. చెట్ల కాళ్లు బురదలోంచి బయటికే ఉంటాయి. సముద్రం పోటు మీదుంటే ఆ కాళ్లు మునుగుతాయి, ఆటు వస్తే నల్ల బురద బయటపడుతుంది. ఆ బురదకు కుళ్లిన గుడ్డు వాసన. ఆకు నాలుకకు తగిలితే ఉప్పు. రాలిన ఆకు అక్కడ ఎండదు, ఎగరదు. బురదలోనే పడి ఉంటుంది. పీతలు ఒక్కొక్క ఆకునూ పట్టుకుని బొరియలోకి ఈడ్చుకుపోతుంటాయి, పెళ్లి వారి సామాను మోసే కూలీల్లాగా.

బావకు ఆ చోటు బాగా నచ్చింది. "ఒక్క వేపచెట్టు ఏం తాగుతుందిరా? ఇక్కడ చూడు, ఎన్ని నోళ్లో!" అని చెట్లవైపు చెయ్యి ఊపాడు. పొగ ఇంటికి రాకూడదని ఎంత జాగ్రత్తపడ్డాడంటే, పనయ్యాక ఏటి పాయలో మునిగి, పని బట్టలు అక్కడే చెట్టుకు తగిలించి, వేరే బట్టలు వేసుకుని ఇంటికి వచ్చేవాడు. గడప దాటే ముందు అక్క ఆయన చేతులు వాసన చూసేది.

మూడోసారి అక్కకు కడుపొచ్చింది. ఈసారి నెలలు గడుస్తున్నా బిడ్డ నిలిచింది. బావ నేల మీద నడవడం మానేశాడు. పనిచేసే చోట వల వేసే వాళ్లతో స్నేహం చేసుకుని, రోజూ సాయంత్రం సైకిలు హ్యాండిలుకు బుట్ట తగిలించుకుని వచ్చేవాడు. బుట్టలో ఒక రోజు చెయ్యంత పీతలు, ఒక రోజు పండుగొప్ప చేప. వలలో పడ్డ వాటిలో పెద్ద చేప మా అక్కకే.

"కడుపుతో ఉన్నదానికి చిన్న చేప పెడితే పిల్ల చిన్నగా పుడుతుందంట," అనేవాడు.

"ఎవరన్నారు?" అని నేనడిగితే, "నేనే అన్నాను, కూర్చో, నీకు తోక పెడతాను," అనేవాడు.

అక్క పీత కాలు పగలగొట్టుకుని తింటూ, కడుపు మీద చెయ్యి వేసుకుని, "తన్నుతోందిరా తమ్ముడూ," అనేది. ఆమె ముఖంలో ఆ కాంతి నేను అంతకు ముందు చూడలేదు.

ఆ రోజుల్లోనే నేను రేపల్లె–బాపట్ల బస్సుకు మారాను. సోమవారం పొద్దున్న బండిలో ఒక మేడమ్ ఎక్కేవారు. బాపట్లలో ఒక కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పేవారు. ముందు సీట్లో కూర్చుని, నా కథలు వింటున్నట్టు కనిపించకుండా వినేవారు. దోమల కథకు పెదవి చివర నవ్వేవారు. ఒకరోజు నాకు కొత్త కథ దొరక్క, నిజాన్నే కథలాగా చెప్పడం మొదలుపెట్టాను.

"మా బావ ఉన్నాడండి, పాదరసాన్ని పొగ చేసి చెట్లకు తాగిస్తాడండి. చెట్లన్నీ ఆయన కోసం వరస కట్టి నిలబడతాయండి, కల్లుపాక ముందు నిలబడ్డట్టు."

బస్సంతా నవ్వింది. మేడమ్ నవ్వలేదు.

"ఎక్కడండి అది?"

చెప్పాను. వేపచెట్టు, మేస్త్రి నియమం, మడ అడవి, అన్నీ.

"ఆ మేస్త్రి అబద్ధం చెప్పలేదు కండక్టరుగారూ. ఆకు నిజంగానే తాగుతుంది."

నేను పొంగిపోయాను. "చూశారాండి!"

"తాగినది ఏమవుతుందని ఎప్పుడైనా అనుకున్నారా?"

నేను టిక్కెట్లు చింపడం ఆపి ఆవిడ సీటు పక్కన నిలబడ్డాను. ఆవిడ పాఠం చెప్పినట్టు కాకుండా, ఇంట్లో మనిషికి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చారు. కంటికి కనపడే పొగ బొగ్గుది. పాదరసం పొగకు రంగు లేదు, వాసన లేదు. మనిషి ముక్కులోకి వెళుతుంది, మిగిలింది గాలి మీద పోతుంది. ఆకుకు కంటికి ఆననంత సన్న రంధ్రాలుంటాయి. ఊపిరి తీసుకున్నట్టు ఆకు వాటితో గాలి పీలుస్తుంది, గాలితోపాటు పాదరసాన్నీ పీలుస్తుంది. పీల్చినదాన్ని చాలావరకు తనలోనే దాచుకుంటుంది. ఆకు ఎన్నాళ్లు కొమ్మ మీద ఉంటే అంత పోగవుతుంది. ఒకరోజు ఆకు రాలుతుంది.

"రాలి బురదలో పడుతుందండి," అన్నాను.

"అసలు సంగతి అక్కడే ఉంది. గాలి ఆడని నల్ల బురదలో కంటికి కనపడని జీవులుంటాయి. అవి ఆ పాదరసాన్ని మార్చేస్తాయి. మారాక అది ఇంకా చెడ్డది. ఒంట్లోకి వెళ్తే త్వరగా బయటికి రాదు. ఆ ఆకునూ ఆ బురదనూ ఎవరు తింటారు?"

"పీతలండి."

"పీతల్ని, చిన్న చేపల్ని?"

"పెద్ద చేపలండి. కొంగలండి."

"ఒక నోటి నుంచి ఇంకో నోటికి వెళ్లే కొద్దీ చిక్కబడుతుంది. అన్నిటికంటే పెద్ద చేపలో ఎక్కువ."

నా చేతిలో టిక్కెట్ల కట్ట ఉంది. ఎవరో చిల్లర అడుగుతున్నారు. నాకు అక్క పళ్లెంలో పండుగొప్ప తలకాయ కనిపిస్తోంది.

"కడుపుతో ఉన్న మనిషి తింటేనండి?"

ఆవిడ నా వైపు పూర్తిగా తిరిగి చూశారు. "ఎవరు?" అని అడిగారు. చెప్పాను. "బిడ్డ మెదడుకు మంచిది కాదండి. ఇవాళే మాన్పించండి," అన్నారు. మళ్లీ, "మీ బావగారి ఒక్క కుంపటి వల్లే అడవంతా పాడైందని నేను అనను. ఎక్కడో బొగ్గు కాలిస్తే లేచిన పాదరసం కూడా గాలి మీద తిరిగి తిరిగి వానలో దిగుతుంది. కుంపటి మొహం ఎరగని అడవుల్లోకీ వస్తుంది. కానీ మీ అక్క తినే చేప ఆ కుంపటి పక్కదే కదా," అన్నారు.

డ్యూటీ దిగి, ఆ సాయంత్రమే అక్క ఇంటికి పరిగెత్తాను. వాళ్లు అన్నాలకు కూర్చుని ఉన్నారు. పళ్లెంలో పీత ఉంది. నేను ఆ పళ్లెం లాగేసి, పొగ ఆకులోకి పోయిందని, ఆకు బురదలోకి పోయిందని, బురద పీతలోకి పోయిందని రొప్పుతూ చెప్పాను.

బావ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఒరేయ్, దోమలు బస్సు మోశాయంటే నమ్మానురా. పొగ నాలుగు కాళ్ల మీద నడిచి నా భార్య పళ్లెంలోకి వచ్చిందంటే మాత్రం నా వల్ల కాదు."

"బావా, నీ మీద ఒట్టు."

"నా మీద ఎందుకురా? నీ మీద పెట్టుకో, భయం లేకుండా తింటాం."

అక్క పళ్లెం మళ్లీ తనవైపు లాక్కుంది. "ఇలాంటి వేళాకోళం నాతో వద్దు తమ్ముడూ. రెండు పోగొట్టుకున్నదాన్ని," అంది. ఆమె గొంతులో నవ్వు లేదు. నేను కల్పించానని ఆమె నిజంగానే నమ్మింది.

మర్నాడు బస్సులో మేడమ్ లేరు. ఆవిడ మళ్లీ కనిపించేదాకా ఆగి, కాళ్లా వేళ్లా పడ్డాను. మావాళ్లు నా మాట నమ్మరండి, మీరొక్కసారి రండి అని. ఆదివారం ఆరాధన అయ్యాక ఆవిడ మా అక్క ఇంటికి వచ్చారు. బావ కుర్చీ తుడిచి వేశాడు, లేచి నిలబడే విన్నాడు. అంతా విని, "అమ్మా, మీరు చదువుకున్నవాళ్లు, కాదనను. కానీ కంటికి కనపడనిదాన్ని నేనెలా నమ్మను?" అన్నాడు.

"మీరు రోజూ దేన్ని నమ్మి ప్రార్థన చేస్తారు?" అని ఆవిడ అడిగారు. బావ తల గోక్కున్నాడు. తర్వాత ఆవిడే, "మీ పనిలో పాదరసం తగిలిందని మీకెలా తెలుస్తుంది?" అన్నారు.

"బంగారం తెల్లబడుతుందమ్మా," అన్నాడు బావ. ఆయన కళ్లలో ఏదో ఆలోచన తిరిగింది.

మర్నాడు బావ ఒక పలచని బంగారు రేకును రెండుగా కత్తిరించాడు. ఒక సగం ఇంట్లో డబ్బాలో పెట్టి మూత బిగించాడు. రెండో సగాన్ని అడవిలో, కుంపటికి దూరంగా, గాలి వెళ్లే వైపు ఒక మడ కొమ్మకు దారంతో కట్టాడు. వాన తగలకుండా పైన కొబ్బరి చిప్ప బోర్లించి కట్టాడు. కొన్నాళ్లు ఎప్పటిలాగే పని చేసుకున్నాడు. ఆ రోజుల్లో అక్క చేప ముట్టుకోలేదు. నమ్మి మానేసిందో, మేడమ్ ముందు మాటిచ్చినందుకు మానేసిందో తెలియదు. అప్పటికి ఆమెకు ఎనిమిదో నెల.

కట్టిన రేకును దించే రోజున నేనూ వెళ్లాను. బావ దారం విప్పి రేకును అరచేతిలో పెట్టుకున్నాడు. జేబులోంచి డబ్బా తీసి, రెండో సగాన్ని దాని పక్కన పెట్టాడు. డబ్బాలోది పచ్చగా మెరుస్తోంది. కొమ్మ మీదిది పాలిపోయి ఉంది, రక్తం తగ్గిన మనిషి పెదవిలాగా. తేడా మామూలు కంటికి ఆనేది కాదేమో. ఆయన బంగారాన్ని చూస్తూ బతికినవాడు. చెట్టును చూశాడు. ఆ పక్క చెట్టును చూశాడు. గాలికి ఆకులు కదులుతున్నాయి. కింద బురదలో ఒక పీత పసుపు ఆకును పట్టుకుని వెనక్కి వెనక్కి పోతోంది.

"రోజూ తెచ్చి పెట్టింది నేనే కదరా," అన్నాడు బావ.

కుంపటిలో నిప్పును బురద పోసి ఆర్పాడు. తర్వాత కోపం ఆపుకోలేక పాదరసం సీసా తీసి, ఏటి పాయలో పారబొయ్యడానికి మూత తిప్పాడు. నేను ఎగిరి చెయ్యి పట్టుకున్నాను. "బావా, నీళ్లలోనా!" అని అరిచాను. ఇద్దరం బురదలో పడ్డాం. సీసా పగలలేదు. మర్నాడు దాన్ని తెనాలిలో దుకాణానికి తిరిగిచ్చేశాం. వాళ్లు మూత బిగించి చూసుకున్నారు. అక్కడే బల్ల దగ్గర కూర్చున్న ఇంకో పూత పనివాడి ముందు పెట్టారు. అతని చేతులూ వణుకుతున్నాయి.

కుంపటి ఆరింది కానీ, రాలాల్సిన ఆకులు అప్పటికే రాలిపోయి ఉన్నాయి. వాటిని ఏరి ఎవరు తెస్తారు?

అక్కకు ఆడపిల్ల పుట్టింది. ప్రాణంతో, ఏడుస్తూ పుట్టింది. బావ ఆ రోజు ఊరంతా తిరిగి చాక్లెట్లు పంచాడు. నేను పిల్ల పుట్టగానే నన్ను చూసి కన్ను కొట్టిందని బస్సులో చెప్పాను. కొన్ని నెలలు బాగానే గడిచాయి. తోటి పిల్లలు కూర్చుంటున్నారు, ఇది కూర్చోలేదు. తోటి పిల్లలు నడిచారు, ఇది కూర్చుంది. గిలక్కాయను పట్టుకోబోతే చెయ్యి దాని పక్కకు పోయేది. అక్క మొదట్లో, "మా వైపు పిల్లలు ఆలస్యంగానే నడుస్తారు, మా తమ్ముడు చూడండి, ఇప్పటికీ బస్సెక్కే తిరుగుతాడు," అని అందరికీ చెప్పేది. తర్వాత చెప్పడం మానేసింది.

డాక్టరు చాలాసేపు చూశాడు. బావ పని గురించి చెప్పాం, చేపల గురించి చెప్పాం. "అయ్యుండొచ్చు, కాకపోవచ్చు. కొంతమంది పిల్లలు కారణం లేకుండా కూడా ఇలా పుడతారు," అన్నాడు. తెనాలి పెరట్లో అక్క పీల్చిన గాలా, వేణ్ణీళ్ల పొయ్యి పొగా, పండుగొప్పా, లేక వీటికేవీ సంబంధం లేని మరేదన్నానా అన్నది ఎవరూ తేల్చి చెప్పలేదు. తేల్చకపోతే మనసు ఊరుకోదు. బావ మాత్రం తన వల్లేనని తేల్చేసుకున్నాడు. ఆయన రేపల్లెలో బియ్యం మిల్లులో కాపలా పనికి కుదిరాడు. చేతుల వణుకు కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. సాయంత్రం పిల్లను ఒళ్లో పెట్టుకుని అన్నం తినిపించేవాడు. ఆయన చెయ్యి ఒక వైపు వణికేది, పిల్ల తల ఇంకో వైపు ఊగేది. ముద్ద నోటిదాకా చేరేసరికి సగం కింద పడేది. అక్కను దగ్గరికి రానిచ్చేవాడు కాదు.

తొంభైలలో ఒక ఎండాకాలం పొద్దున నేను అక్క ఇంట్లో ఉన్నాను. పిల్లకు అప్పటికి బడి వయసు వచ్చింది, బడికి మాత్రం పంపలేదు. గుమ్మం ముందు పీతలమ్మే మనిషి వచ్చి తట్ట దించింది. వయసులో చిన్నది. కొంగు బిగించి నడుముకు చుట్టుకుంది, కడుపు ఎత్తుగా ఉంది.

"అమ్మా, పీతలమ్మా. ఏటి పాయలో పట్టినవి, ఇంకా కదులుతున్నాయి చూడండి."

"వద్దమ్మా," అంది అక్క.

"ఎప్పుడొచ్చినా వద్దంటారేంటమ్మా? మా పీతలకేం వచ్చింది? ఊరంతా కొంటున్నారు."

అక్క మామూలుగా అయితే తలుపు దగ్గరికి వేసేసేది. ఆ రోజు ఆ మనిషి కడుపు చూసి ఆగిపోయింది. లోపలికి పిలిచి, మంచినీళ్లిచ్చి, అరుగు మీద కూర్చోబెట్టింది. మేడమ్ నాకు చెప్పినట్టు, నేను అక్కకు చెప్పినట్టు, మొదటి నుంచి చెప్పింది. పొగ దగ్గర మొదలుపెట్టింది. ఆకు చెప్పింది, బురద చెప్పింది. చాప మీద పడుకుని చేతులు గాల్లో ఆడిస్తున్న తన కూతుర్ని చూపించింది. "ఈ నెలల్లో నువ్వు మాత్రం తినకు తల్లీ. పెద్ద చేప అసలు తినకు," అంది.

పీతలమ్మే మనిషి శ్రద్ధగా వింది. నవ్వలేదు, వాదించలేదు. చాప మీది పిల్లను చాలాసేపు చూసింది. గ్లాసు కింద పెట్టి, తట్టలో ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్న పీతలను చూసుకుంది.

"మరి మేమేం తినాలమ్మా?" అని అడిగింది.

అక్క నా వైపు చూసింది. పీతలమ్మే మనిషి ఒక చెయ్యి నడుముకు ఆనించుకుని లేచింది. తట్ట తలకెత్తమని నన్నే అడిగింది. ఎత్తాను. ఆమె పక్క గుమ్మం దగ్గరికి వెళ్లి, "పీతలమ్మా, పీతలు," అని కేక వేసింది.